కౌన్సెలర్‌ను ఎలా ఎంచుకోవాలి? మొదటి రోజు ఏం మాట్లాడాలి?

చెరువుగట్టు | ఆగస్టు 11, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. వయసు 43.

మార్చిలో నేను పదో తరగతి పరీక్షల ఇన్విజిలేషన్‌లో ఉండగా మా నాన్నగారు పోయారు. డ్యూటీలో ఫోను దగ్గర ఉంచుకోకూడదు కాబట్టి ఉదయమే ఆఫీసు గదిలో ఇచ్చేశాను. పన్నెండున్నరకు పరీక్ష ముగిసింది. జవాబు పత్రాలు అప్పజెప్పి ఫోను చేతిలోకి తీసుకునేసరికి పందొమ్మిది మిస్డ్ కాల్స్. పదిన్నర దాటాక గుండెపోటు వచ్చిందట, పావుగంటలో అంతా అయిపోయిందట. పరీక్షల్లో అరగంటకోసారి గంట కొడతారు కదా. పదిన్నర గంటకూ పదకొండు గంటకూ మధ్య నాన్నగారు వెళ్లిపోయారు. ఆ అరగంటా నేను బెంచీల మధ్య తిరుగుతూ హాల్‌టికెట్లు చూసుకుంటున్నాను.

జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి గంట వింటే గుండె దడ. అరచేతులు చల్లబడతాయి. మా బడిలో ఇప్పటికీ రైలు పట్టా ముక్కను వేలాడదీసి సుత్తితో కొడతారు, ఆ మోత చాలాసేపు నిలుస్తుంది. ఉదయం గేటు దాకా వచ్చి స్కూటరు ఆపి, మొదటి గంట అయ్యేవరకు బయటే కూర్చుంటున్నాను. ఒక్కోసారి పావుగంట. పిల్లలు చూస్తున్నారు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు.

ఈసీజీ, ఎకో తీయించాను. అన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరుగారే కౌన్సెలర్‌ను కలవమన్నారు. ఎవరిని కలవాలో తెలియడం లేదు. ఫోనులో వెతికితే సైకాలజిస్టు, సైకియాట్రిస్టు, కౌన్సెలర్, లైఫ్ కోచ్, హిప్నోథెరపిస్టు అని వరసగా వస్తున్నాయి. నా భార్య వెళ్లమంటోంది. మా అక్కయ్య మాత్రం ‘కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఊళ్లో తెలిస్తే పిల్లల పెళ్లిళ్లకు అడ్డం’ అంటోంది. ఉద్యోగం రికార్డుల్లోకి ఎక్కుతుందేమోనన్న భయం నాకూ ఉంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

---

వేకువ | ఆగస్టు 12, ఉదయం 6:15

మాస్టారూ, గేటు దగ్గర కూర్చున్నారన్న మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. రెండో కాన్పు తర్వాత నేను వంటగది గడప దాటలేక అలాగే నిలబడిపోయేదాన్ని.

హైదరాబాదులో నేను ఇద్దరిని కలిశాను. మొదటి ఆవిడకు పేరుంది, టీవీలో కనిపిస్తారు. యాభై నిమిషాల సెషన్‌లో నేను మాట్లాడింది పది నిమిషాలు కూడా ఉండదు. మిగతా సమయమంతా ఆవిడ చెప్పడం, నేను తలూపడం. చివర్లో పది సెషన్ల ప్యాకేజీకి ఒకేసారి డబ్బు కట్టమన్నారు. కట్టకుండా వచ్చేశాను, మంచి పని చేశాను. రెండో ఆవిడ గదిలో ఒక చిన్న బల్ల, ఒక గడియారం, రెండు కుర్చీలు, అంతే. ‘ఈ రోజు దేని గురించి మాట్లాడితే మీకు ఉపయోగం అనిపిస్తుంది?’ అని అడిగి ఊరుకున్నారు. ఆ మౌనం నాకు మొదట భయం వేసింది, తర్వాత అదే కావాలనిపించింది. ఏడాదిన్నర ఆవిడ దగ్గరికే వెళ్లాను.

ఒక్కటే చెబుతాను. మొదటి సెషన్‌కు వెళ్లినంత మాత్రాన ఆ మనిషికి కట్టుబడిపోయినట్టు కాదు. అక్కడ వారు మిమ్మల్ని ఎలా చూస్తారో, మీరూ వారిని అలాగే చూసి రావాలి.

---

అలలతీరం | ఆగస్టు 12, మధ్యాహ్నం 2:05

నేను క్లినికల్ సైకాలజిస్టును, విశాఖలో పనిచేస్తాను. ఈ వేదికలో ఎవరికీ రోగనిర్ధారణ చేయను. పేర్ల గందరగోళం మాత్రం తీరుస్తాను.

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ తర్వాత మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు. మందులు రాస్తారు. ఓపీలో రద్దీ ఎక్కువ కనుక చాలాచోట్ల ఎక్కువసేపు మాట్లాడే వీలుండదు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. సైకాలజీలో పీజీ తర్వాత ఆసుపత్రిలో పెద్దల పర్యవేక్షణలో రెండేళ్ల ఎంఫిల్ చేసినవారే ఇప్పుడు పనిచేస్తున్నవారిలో ఎక్కువ. వారు 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. అందరూ ఆర్‌సీఐ అనేది దాన్నే. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఉంటుంది. అడగండి, సంకోచం వద్దు. మండలి వెబ్‌సైటులో పేరు కొట్టి సరిచూసుకోవచ్చు. నన్ను అడిగినవారి మీద నాకు గౌరవమే పెరిగింది.

‘కౌన్సెలర్’ అన్న మాట దగ్గరే చిక్కు. మన దేశంలో ఆ బోర్డు పెట్టుకోకుండా ఆపే గట్టి కట్టుబాటు ఇంకా రాలేదు. కౌన్సెలింగ్ సైకాలజీలో పీజీ చేసి, ఏళ్ల తరబడి సీనియర్ల పర్యవేక్షణలో పనిచేసి, మనిషిని నిలబెట్టగల కౌన్సెలర్లు ఉన్నారు. నా కేసులు కొన్ని వారికే పంపుతాను. రెండు వారాంతాల కోర్సు చేసి సర్టిఫికెట్టు గోడకు తగిలించుకున్నవారూ ఉన్నారు. బయటి నుంచి ఇద్దరి బోర్డూ ఒకేలా ఉంటుంది. కనుక ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, ఇప్పుడు మీ పనిని ఎవరితోనైనా చర్చించుకుంటారా అని అడగాలి. మూడో ప్రశ్న ముఖ్యం. మంచి కౌన్సెలర్‌కు తన పనిని చూసి తప్పు చెప్పే సీనియరు ఒకరు ఉంటారు.

మాస్టారుగారి రికార్డుల భయం గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చింది. మీ బడికి ఎవరూ ఉత్తరం రాయరు. మెడికల్ లీవు పెడితే మాత్రం సర్టిఫికెట్టు ఇవ్వాల్సి వస్తుంది, అందులో ఏం రాస్తారో ముందే డాక్టరుతో మాట్లాడుకోండి.

---

కందిచేను | ఆగస్టు 12, రాత్రి 8:50

నాకు 68 ఏళ్లు. చిన్నవాడు కాబట్టి తమ్ముడనే పిలుస్తాను. తమ్ముడూ, తండ్రి పోయిన దుఃఖానికి డబ్బిచ్చి పరాయివాళ్లతో మాట్లాడటం నాకు మింగుడు పడటం లేదు. మా నాన్న పోయినప్పుడు పదకొండు రోజులూ ఇల్లు నిండా జనం. వచ్చిన ప్రతివారికీ ఎలా పోయాడో మొదటి నుంచి చెప్పేవాణ్ణి. చెప్పగా చెప్పగా బరువు దిగింది. నీకు అన్నదమ్ములు, స్నేహితులు లేరా? ఒకసారి ఊరికి వెళ్లి నాలుగు రోజులు ఉండి రా.

---

చెరువుగట్టు | ఆగస్టు 12, రాత్రి 10:30

పెద్దవారు, మీ మాట తీసిపారేయను. మా ఇంటికీ జనం వచ్చారు. ‘ఎలా పోయారు’ అని అడిగిన ప్రతిసారీ మా అమ్మే చెప్పింది, ఎందుకంటే అక్కడ ఉన్నది ఆమె. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. నేను లేను కదా.

---

పాలపిట్ట | ఆగస్టు 13, ఉదయం 11:20

నాది చేదు అనుభవం. మిమ్మల్ని వెనక్కి లాగాలని కాదు, చూసుకుని వెళ్లాలని రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట నా సంసారంలోని ఇబ్బంది గురించి ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. రెండు సెషన్లు బాగానే జరిగాయి. మూడో వారం మా ఆయన ఇంటికి వచ్చి, నేను ఆ గదిలో అన్న మాటలు అన్నట్టే అప్పజెప్పారు. ఆవిడే ఆయనకు ఫోను చేసి ‘మీ భార్య ఇలా అనుకుంటోంది, మీరిద్దరూ సర్దుకుపోవాలి’ అన్నారట. మంచి చేస్తున్నాననే అనుకుని ఉంటారు. నేను ఆ తర్వాత రెండేళ్లు ఎవరితోనూ, మా అమ్మతో కూడా, నోరు విప్పలేదు.

ఇప్పుడు వేరే ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. మొదటి రోజే రెండు పేజీల కాగితం నా చేతిలో పెట్టి, ప్రతి వాక్యం చదివించి సంతకం తీసుకున్నారు. నేను చెప్పినవి ఎవరికీ చెప్పరని, ఏ సందర్భాల్లో చెప్పక తప్పదో కూడా అందులో ఉంది. నా ప్రాణానికి గానీ మరొకరి ప్రాణానికి గానీ ముప్పు ఉందని గట్టిగా అనిపిస్తే, చిన్నపిల్లల మీద లైంగిక హింస బయటపడితే, కోర్టు అడిగితే. ఆ మూడూ ముందే చెప్పారు కనుకే మిగతావన్నీ ధైర్యంగా చెప్పగలిగాను. కాగితం లేకపోతే నోటితోనైనా అడిగి తెలుసుకోండి, మాస్టారూ. బంధువుల ద్వారా పరిచయమైనవారి దగ్గరికి మాత్రం వెళ్లకండి.

---

చెరువుగట్టు | ఆగస్టు 14, రాత్రి 9:10

అందరికీ కృతజ్ఞతలు. పాలపిట్ట గారూ, అంత బాధను మళ్లీ తవ్వుకుని నా కోసం రాశారు.

మూడు సందేహాలు. ముందు సైకియాట్రిస్టు దగ్గరికా, కౌన్సెలర్ దగ్గరికా? ఖమ్మంలో వెళితే తెలిసినవారు ఎదురవుతారు, హైదరాబాదుకు వారం వారం వెళ్లిరావడం నా వల్ల కాదు. ఆన్‌లైన్‌లో కుదురుతుందా? ఫోను చేసి మొదటి మాట ఏమని చెప్పాలి? నిన్న రెండుసార్లు నంబరు నొక్కి, అటు ‘హలో’ అనగానే పెట్టేశాను.

---

అలలతీరం | ఆగస్టు 14, రాత్రి 10:00

వాటికి జవాబు చెప్పేముందు ఒక ప్రశ్న సూటిగా అడుగుతాను, నా దగ్గరికి వచ్చే ప్రతివారినీ అడుగుతాను. మీకు చనిపోవాలని, లేదా నిద్రలోనే పోతే బాగుండునని అనిపిస్తోందా?

ఒకవేళ అనిపిస్తే ఈ చర్చ పక్కన పెట్టి ఇప్పుడే 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్ అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అలాంటి ఆలోచనలు లేకపోయినా ఫోను చేయవచ్చు. దగ్గర్లో ఎవరిని కలవాలో కూడా చెబుతారు.

---

చెరువుగట్టు | ఆగస్టు 14, రాత్రి 10:25

చనిపోవాలని లేదు. పిల్లలు గుర్తొస్తారు. లేవకపోతే బాగుండునని మాత్రం జులైలో రెండు మూడు రోజులు అనిపించింది. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే చేస్తాను.

---

అలలతీరం | ఆగస్టు 14, రాత్రి 11:30

చెప్పినందుకు సంతోషం. ఈ రాత్రి మీ భార్యతో కూడా ఆ ఒక్క వాక్యం చెప్పండి, వివరించనక్కర్లేదు.

ఇక మీ సందేహాలు. నిద్ర బాగా దెబ్బతిని, అలాంటి ఆలోచనలు ఒక్కసారైనా వచ్చాయి కనుక సైకియాట్రిస్టును ఒకసారి కలవడం మంచిది. కలిసినంత మాత్రాన మందులు వాడాలని కాదు. థైరాయిడ్, బీ12 లోపాల వల్ల కూడా ఇలాంటి లక్షణాలు వస్తాయి, ఆ పరీక్షలు చేయించకపోతే చేయించండి. దిగులుకు ఇచ్చే మందులు రెండు నుంచి నాలుగు వారాలకు గానీ పని మొదలుపెట్టవు, మొదట్లో కడుపులో వికారంగా ఉండవచ్చు. నాలుగు రోజులు వేసుకుని పనిచేయలేదని మానేసేవారే ఎక్కువ. ఆ పొరపాటు చేయకండి. కౌన్సెలింగ్ పక్కనే సాగవచ్చు, ఒకటి ఉంటే రెండోది కూడదని లేదు.

ఖర్చు ఇబ్బందయితే జిల్లా ఆసుపత్రుల్లో మానసిక ఆరోగ్య విభాగం ఉంటుంది. పెద్ద కేంద్రాలు కావాలంటే హైదరాబాదులో ఎర్రగడ్డ, మా విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి.

ఫోను చేసినప్పుడు కథంతా చెప్పాల్సిన పని లేదు. కాగితం మీద రాసి పెట్టుకుని చదవండి: ‘నమస్కారం. ఐదు నెలల కిందట మా నాన్నగారు పోయారు. నిద్ర లేదు, బడి గంట వింటే గుండె దడ వస్తోంది. ఇలాంటివారితో మీరు పనిచేశారా? ఫీజు ఎంత? సెషన్ ఎంతసేపు?’ ఇది చాలు. గొంతు పట్టేస్తే మెసేజి పెట్టండి, చాలామంది అలాగే మొదలుపెడతారు.

---

ఉత్తరపు గాలి | ఆగస్టు 15, ఉదయం 7:45

ఆన్‌లైన్ గురించి నేను చెప్పగలను. నేను టెక్సాస్‌లో ఉంటాను. ఇక్కడ కౌన్సెలర్ లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఇస్తారు. నేను కూర్చున్న రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవారే నాతో పనిచేయాలి. కాబట్టి తెలుగు వచ్చినవారు దొరకడానికి ఏడు నెలలు పట్టింది. అంతవరకు ఇంగ్లీషులోనే నడిపాను. ఆమె మంచి మనిషే. కానీ మా అమ్మ గురించి ‘బెంగ’ అన్న మాట చెప్పలేక ప్రతిసారీ చుట్టూ తిరిగి వచ్చేవాణ్ణి. తెలుగు ఆవిడతో మొదటి రోజు ‘అమ్మ మీద బెంగగా ఉందండీ’ అన్నాను. ‘ఎన్నాళ్లైంది చూసి?’ అన్నారు. ఏడు నెలల్లో ఏడవనివాణ్ణి ఆ ప్రశ్నకు ఏడ్చాను.

మాస్టారూ, మీరు ఏ భాషలో కలలు కంటారో ఆ భాషలో మాట్లాడేవారిని వెతకండి. వీడియో సెషన్‌కు తలుపు వేసుకునే గది ఒకటి ఉండాలి. ఇంట్లో కుదరక నేను కారులో కూర్చునేవాణ్ణి. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి.

---

వేకువ | ఆగస్టు 15, ఉదయం 9:30

ఫీజు గురించి ఒక మాట. నేను సెషన్‌కు 1,500 ఇచ్చేదాన్ని. మధ్యలో మా ఆయన ఉద్యోగం పోయింది. మానేస్తానని చెప్పడానికి వెళితే ఆవిడే 600కు తగ్గించారు. కొందరు వారానికి ఒకటి రెండు గంటలు తక్కువ ఫీజుకు కేటాయిస్తారని అప్పుడే తెలిసింది. అడగడంలో చిన్నతనం లేదు. రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలో కూడా కనుక్కోండి, లేకపోతే ఆ రోజు ఫీజు ఇచ్చుకోవాల్సి వస్తుంది.

---

చెరువుగట్టు | ఆగస్టు 30, రాత్రి 9:50

14416లో ఇరవై నిమిషాలు మాట్లాడారు. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టును కలిశాను. బీ12 బాగా తక్కువగా ఉందట, దానికి ఇంజెక్షన్లు ఇస్తున్నారు. దిగులుకు మందు ఇప్పుడే వద్దు, ఆరు వారాలు కౌన్సెలింగ్ చూసి చెబుతానన్నారు. ఓపీ వరసలో మా బడిలో చదివే అబ్బాయి వాళ్ల నాన్న కనిపించాడు. ఇద్దరం నమస్కారం పెట్టుకున్నాం. అతను తన భార్యను తీసుకొచ్చాడు. ఎందుకని అతను అడగలేదు, నేనూ అడగలేదు.

హైదరాబాదులో ఉన్న క్లినికల్ సైకాలజిస్టుతో ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాను. ముగ్గురికి ఫోను చేశాను. ఒకరు ఆర్‌సీఐ నంబరు అడిగితే విసుక్కున్నారు. ఒకరికి రెండు నెలల వరకు ఖాళీ లేదు. మూడో ఆయన నంబరు చెప్పి, ‘సరిచూసుకుని నిదానంగా మళ్లీ ఫోను చేయండి’ అన్నారు. అక్కడే నమ్మకం కుదిరింది.

మొదటి సెషన్‌లో ఎక్కువ భాగం ప్రశ్నలే. నిద్ర, తిండి, ఇంట్లో ఎవరెవరు, ఇంతకుముందు ఇలా ఎప్పుడైనా అయిందా. నాకు కొంచెం నిరాశ కలిగింది. అంతా చెప్పేయాలని గుండె నిండా పెట్టుకుని కూర్చుంటే దరఖాస్తు నింపుతున్నట్టు అనిపించింది. రెండో సెషన్ తర్వాత మూడు రోజులు ఇంకా ఎక్కువ దిగులుగా ఉంది. ఇది మామూలేనా? మానేయాలా?

---

పాలపిట్ట | ఆగస్టు 31, ఉదయం 10:10

మొదటి సెషన్ చాలామందికి అలాగే ఉంటుంది. తర్వాత బరువు పెరగడం నాకూ జరిగింది. మూత పెట్టినది తెరిచారు కదా. కానీ మాతో అన్న ఈ మాటను ఆయనతోనే అనండి: ‘పోయినసారి తర్వాత మూడు రోజులు బాగాలేను, దరఖాస్తు నింపినట్టు అనిపించింది’ అని. ఆయన ఎలా తీసుకుంటారో చూడండి. చిన్నబుచ్చుకుంటే, లేదా తప్పు మీదే అన్నట్టు మాట్లాడితే మరొకరిని వెతకండి. నేను మొదటి ఆవిడతో అలాంటి మాట అనగలిగి ఉంటే అప్పుడే తెలిసిపోయేది.

---

అలలతీరం | ఆగస్టు 31, మధ్యాహ్నం 1:40

పాలపిట్ట గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మూడు నాలుగు సెషన్లకు మనం ఏ లక్ష్యం కోసం పనిచేస్తున్నామో ఇద్దరికీ స్పష్టం కావాలి. కాకపోతే అడగండి. బరువు మూడు రోజులకు దిగకుండా పెరుగుతూ పోతే తర్వాతి సెషన్ వరకు ఆగకుండా ఆయనకు చెప్పాలి.

---

చెరువుగట్టు | నవంబరు 16, రాత్రి 8:20

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

ఆ మాట ఆయనతో అన్నాను. కాగితాలు పక్కన పెట్టి, ‘సరే, ఈ రోజు నేను ఏమీ రాసుకోను. ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచి చెప్పండి, తొందర లేదు’ అన్నారు. ఆసుపత్రి గురించి, అంత్యక్రియల గురించి అడుగుతారనుకున్నాను. పొద్దుటి గురించి నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. చెబుతూ ఉంటే గుర్తొచ్చింది. నేను బయలుదేరుతుంటే నాన్నగారు అరుగు మీద నుంచి ‘పెన్నులు రెండు పెట్టుకున్నావా?’ అన్నారు. నేను పరీక్ష రాసే రోజుల నుంచీ అదే అడిగేవారు. ‘పెట్టుకున్నాను నాన్నా’ అని స్కూటరు తీశాను. ఆయనతో నా చివరి మాట నాకు తెలియదని ఇన్ని నెలలూ అనుకున్నాను. తెలుసు. అప్పుడు చాలాసేపు ఏడ్చాను, ఆయన కదలకుండా కూర్చున్నారు.

గంట భయానికి వేరుగా పని చేయించారు. మా గంట మోతను అటెండరు చేత కొట్టించి ఫోనులో రికార్డు చేయమన్నారు. మొదట బాగా తక్కువ శబ్దంతో, ఇంట్లో కుర్చీలో కూర్చుని వినాలి. దడ ఎంత వచ్చిందో పదికి ఎంతని నోటుబుక్కులో వేసుకోవాలి. దడ దిగేదాకా లేవకూడదు. మొదటి రోజు ఎనిమిది వేశాను. తర్వాత శబ్దం పెంచడం, ఆ తర్వాత బడి ఆవరణలో సెలవు రోజున వినడం. పదకొండు సెషన్లయ్యాయి. ఇప్పుడు మామూలు రోజుల్లో మూడు, నాలుగు. వారం కిందటి నుంచి గేటు దగ్గర ఆగడం లేదు. నిద్ర ఐదింటి వరకు పడుతోంది. సైకియాట్రిస్టు మందు అవసరం లేదన్నారు, మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు.

పరీక్షల హాలు మాత్రం ఇంకా కాలేదు. అక్టోబరులో ఎస్‌ఏ-1 పరీక్షలకు డ్యూటీ వద్దని హెడ్‌మాస్టరుగారిని అడిగాను, కారణం చెప్పాను. ఆయన తలూపి నా పేరు తీసి పక్కవారి పేరు రాశారు. మార్చి లోపు ఆ గదిలోకి వెళ్లాలని నేనూ సైకాలజిస్టుగారూ అనుకున్నాం.

---

కందిచేను | నవంబరు 17, ఉదయం 5:40

తమ్ముడూ, నీ రాతలన్నీ చదువుతూనే ఉన్నాను. ఆగస్టులో నేను అన్న మాటకు నువ్వు ఇచ్చిన జవాబు మనసులో నిలిచిపోయింది. నీ వదినకు పెద్దబ్బాయి పోయినప్పటి నుంచి, అంటే ఆరేళ్ల నుంచి, రాత్రిళ్లు నిద్ర లేదు. నేను గుడికి తీసుకెళ్తూ వచ్చాను. ఆమె ఎప్పుడూ ఎవరితోనూ వాడి పేరెత్తలేదు. మాది సిద్ధిపేట వైపు. ఆమెకు ఫోనులో వీడియో అంటే బెరుకు, ఎదురుగా కూర్చుని మాట్లాడే ఆడమనిషి కావాలి. ఎక్కడ అడగాలి?

---

అలలతీరం | నవంబరు 17, ఉదయం 7:05

నమస్కారం అండీ. జిల్లా ఆసుపత్రిలో మానసిక ఆరోగ్య విభాగం ఓపీ ఏ రోజుల్లో ఉందో ముందు కనుక్కోండి. 14416కు మీరే ఫోను చేసి, అమ్మగారి వయసు, మీ ఊరు చెప్పి, ఆడవారు కావాలని అడగండి. ఇంటివారు చేసినా మాట్లాడతారు. వెళ్లేముందు ఆమెను అడిగి, ఆమె ఒప్పుకున్నాకే తీసుకెళ్లండి. గదిలోకి ఆమెను ఒంటరిగా పంపండి, మీరు బయట కూర్చోండి. బయటికి వచ్చాక ఏం మాట్లాడావని మాత్రం అడగకండి.

---

కందిచేను | నవంబరు 17, ఉదయం 7:30

అడగనమ్మా. తొమ్మిదింటికి ఆసుపత్రికి ఫోను చేస్తాను.